హేలీ–హేలీ వ్యాధి: అట్లాంటా నుంచి లేసరు దాకా

1939లో జార్జియా రాష్ట్రపు అట్లాంటా నగరంలో చర్మవైద్యులుగా ఉన్న ఇద్దరు అన్నదమ్ములు, హ్యూ హేలీ, హోవర్డ్ హేలీ, ఒక అమెరికన్ చర్మవైద్య పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. అప్పటికి పేరులేని ఒక పొక్కుల వ్యాధికి ఆ వ్యాసం పేరు పెట్టింది. ఆ పేరును తెలుగులో చెప్పుకోవాలంటే ‘కుటుంబాలలో వచ్చే, ప్రాణాపాయం లేని, దీర్ఘకాలపు పెంఫిగస్’ అనాలి. పొడవైన ఆ పేరు వాడుకలో నిలవలేదు. అన్నదమ్ములిద్దరి ఇంటిపేరూ జంటగా చేరి, ‘హేలీ–హేలీ వ్యాధి’ అన్న పేరే వైద్యగ్రంథాలలో స్థిరపడింది. ఫ్రాన్సులో గూజెరో అనే వైద్యుడు కొద్ది సంవత్సరాల ముందే ఇటువంటి రోగులను వర్ణించినందున, కొందరు ఆయన పేరును కూడా ముందు చేరుస్తారు.

ఆ పొడవాటి పేరులోని ప్రతి మాటకూ ఆనాడు గొప్ప విలువ ఉండేది. ‘పెంఫిగస్’ అనే మాటకు మూలం బొబ్బ అనే అర్థమిచ్చే గ్రీకు పదం. కార్టిసోన్ రాకముందు అసలైన పెంఫిగస్ సోకిన వారిలో అధికభాగం కొద్ది సంవత్సరాలలో మరణించేవారు. ఒంటినిండా బొబ్బలు చిట్లి, నీరూ లవణాలూ మాంసకృత్తులూ కారిపోయి, సూక్ష్మజీవులు రక్తంలో చేరి ప్రాణం పోయేది. సూక్ష్మదర్శిని కింద చర్మపు ముక్క అదే జబ్బులా కనిపిస్తున్నా, ఈ కుటుంబాలలోని రోగులు చనిపోవడం లేదనీ, అదే బాధ తండ్రినుంచి కొడుకుకూ తల్లినుంచి కూతురుకూ సంక్రమిస్తున్నదనీ హేలీ సోదరులు గుర్తించారు. ‘ప్రాణాపాయం లేదు’ అన్న ఒక్క మాట ఆ రోగులకు మరణశిక్ష రద్దయినంత వార్త.

అయితే ఆ మాటే తరువాతి కాలంలో వారికి అన్యాయం కూడా చేసింది. ప్రాణం తీయని జబ్బు గనుక బాధ పెట్టని జబ్బని ఇతరులు అనుకోవడానికి అది అవకాశమిచ్చింది.

ఈ వ్యాధి సుమారు 50,000 మందిలో ఒకరికి వస్తుందని ఒక అంచనా. సాధారణంగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మెడ, చంకలు, గజ్జలు, స్త్రీలలో వక్షోజాల కింది మడతలు దీని స్థానాలు. చర్మం చర్మంతో ఒరుసుకునే చోట, చెమట నిలిచే చోట చిన్న నీటిపొక్కులు లేచి వెంటనే చిట్లిపోతాయి. పొక్కు కనబడేది కొద్దిసేపే; మిగిలేది ఎర్రగా చెమ్మగిల్లే పచ్చిపుండు, దాని మీద సన్నని అడ్డపగుళ్ళు, పైన పొలుసులు. బాక్టీరియా, శిలీంధ్రాలు చేరితే దుర్వాసన వస్తుంది. నడిస్తే మంట, చేయి ఎత్తితే నొప్పి. వేసవిలో పెచ్చుపెరిగి, చలికాలంలో కొంత తగ్గుతుంది. చాలామంది రోగుల గోళ్ళ మీద నిలువుగా తెల్లని గీతలు ఉంటాయి. చూసే కన్ను ఉంటే రోగనిర్ణయానికి అదొక ఆనవాలు.

గజ్జలలో ఎర్రని మచ్చను చూడగానే తామర అనుకోవడం వైద్యులకూ రోగులకూ సహజం. అందుకే ఎందరో రోగులు ఏళ్ళ తరబడి తామర మందులే పూసుకుంటూ ఉంటారు. జననాంగాల దగ్గరి పుండును లైంగిక వ్యాధిగా అనుమానించడమూ కద్దు. చర్మపు ముక్కను కోసి పరీక్షకు పంపే వైద్యుడు దొరికేవరకు ఆ అనుమానం సంసారాలలో నలుగుతూనే ఉంటుంది. వ్యాధిగ్రస్తులకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. ఒంటికి సంబంధించిన రహస్యం పెళ్ళి సంబంధానికి అడ్డువస్తుందని భయపడే కుటుంబాలలో, తండ్రి తన పుండ్లను కొడుకుకు చూపకపోవడం, కొడుకు ముప్పయ్యో ఏట తనకు వచ్చినదేమిటో తెలియక తిరగడం వింత కాదు.

చర్మపు పైపొర ఇటుకగోడ వంటిదని వైద్యవిద్యార్థులకు చెబుతారు. కణాలు ఇటుకలైతే, వాటిని పక్కకణాలతో బిగించే బంధాలు సున్నం వంటివి. పెంఫిగస్‌లో శరీరపు రక్షణవ్యవస్థే ఆ బంధాల మీద దాడి చేస్తుంది. హేలీ–హేలీ వ్యాధిలో దాడి ఏమీ లేదు. బంధాలే సరిగా అమరవు. సూక్ష్మదర్శిని కింద పైపొర అంతటా కణాలు ఒకదానినుంచి ఒకటి విడివడి, పూర్తిగా రాలిపోకుండా వేలాడుతూ ఉంటాయి. రోగలక్షణ శాస్త్రజ్ఞులు దీనిని శిథిలమైన ఇటుకగోడతో పోల్చారు. ఆ పోలికే నేటికీ పాఠ్యగ్రంథాలలో ఉంది.

హేలీ సోదరుల కాలంలో చికిత్స అంటే క్రిమిసంహారక ద్రవాలు, లేపనాలు, అప్పుడప్పుడు ఎక్స్ కిరణాలు. చర్మం మడతలమీద కిరణాలు ప్రసరిస్తే కొంతకాలం ఊరట కలిగేది. తరువాతి తరం వైద్యులు కాన్సరు భయంతో ఆ పద్ధతికి దూరమయ్యారు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత రెండు కొత్త మందులు ఈ రోగుల జీవితాన్ని మార్చాయి. ఒకటి 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికన్ చర్మవైద్యులు పైపూతగా పని చేస్తుందని చూపిన హైడ్రోకార్టిసోన్. రెండవది టెట్రాసైక్లిన్ కుటుంబపు సూక్ష్మజీవనాశకాలు.

ఈ రెండవ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ పరిశోధనాలయం నుంచి వెలువడింది. దానిని కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు తక్కువస్థాయి ఎల్‌.ఎం.ఎస్‌. పట్టాతో బయటపడిన ఆయన, 1920ల తొలినాళ్ళలో బోస్టను చేరి హార్వర్డులో పనిచేశాడు. 1948 ఆగస్టులో, యాభై నాలుగో ఏట, ఆరియోమైసిన్ వెలువడిన సంవత్సరమే మరణించాడు. హేలీ–హేలీ రోగులకు నేటి వైద్యులు వ్రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబంలోనిదే. మొండి రోగులలో కొందరికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలో సుబ్బారావు బృందం చేసిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల సంతానమే. ఈ వ్యాధి కథలో ఆయన పేరు మరొకమారు, ఇంతకంటె లోతైన చోట, వస్తుంది.

లేపనాలకూ మాత్రలకూ లొంగని రోగులకు శస్త్రవైద్యులు మరొక దారి వెదికారు. 1960లలో వ్యాధిగ్రస్తమైన చర్మాన్ని పూర్తిగా కోసి తీసి, తొడ వంటి చోటినుంచి పలుచని చర్మపు పొరను తెచ్చి అతికే పద్ధతి వాడుకలోకి వచ్చింది. అది పెద్ద శస్త్రచికిత్స. చంక వంటి చోట అతుకు బిగిసి చేయి పైకి లేవకపోవచ్చు, అతుకు పట్టకపోనూవచ్చు. అయినా ఈ చికిత్స ఒక ఆశ్చర్యకరమైన పాఠం నేర్పింది. చర్మాన్ని తెచ్చినది అదే మనిషి తొడనుంచి. ఆ చర్మంలోనూ అదే వంశలోపం ఉంది. అయినా అతికిన చోట చాలామందిలో వ్యాధి తిరిగి రాలేదు. వంశలోపం ఉన్నంత మాత్రాన పుండు తప్పనిసరి కాదని ఆ అతుకులు చూపాయి. తరువాత వైద్యులు చర్మాన్ని పూర్తిగా కోయకుండా, తిరిగే గరుకుచక్రంతో పైపొరను మాత్రమే గీకివేసినా ఫలితం దక్కుతుందని గ్రహించారు. అంత లోతు వరకే, అంతకంటె కచ్చితంగా, రక్తస్రావం లేకుండా పని చేసే పరికరం ఏదైనా ఉందా అన్నది అప్పటి ప్రశ్న.

ఆ పరికరం భౌతికశాస్త్రం నుంచి వచ్చింది. ఉత్తేజితమైన పరమాణువును కాంతి తాకితే అదే రకపు కాంతి మరికొంత వెలువడుతుందని ఐన్‌స్టీన్ 1917లో సిద్ధాంతీకరించాడు. ఆ సూత్రం మీద మొదటి లేసరును 1960 మే నెలలో కాలిఫోర్నియాలోని హ్యూస్ పరిశోధనాలయంలో థియొడోర్ మేమన్ కెంపు కడ్డీతో వెలిగించాడు. ఈ కొత్త కాంతి మనిషి చర్మాన్ని ఏమి చేస్తుందని మొదట అడిగిన వైద్యులలో ముఖ్యుడు సిన్సినాటి విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు లియోన్ గోల్డ్‌మన్. 1960ల తొలినాళ్ళలోనే ఆయన లేసరు వైద్యానికి ప్రత్యేక ప్రయోగశాల ఏర్పరచాడు.

హేలీ–హేలీ రోగులకు పనికివచ్చిన లేసరు కెంపుది కాదు. 1964లో న్యూజెర్సీలోని బెల్ ప్రయోగశాలలో కుమార్ పటేల్ బొగ్గుపులుసు వాయువుతో, అంటే కార్బన్ డయాక్సైడుతో, లేసరును సృష్టించాడు. ఆయన 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణె ఇంజనీరింగు కళాశాలలో చదివి, స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొందినవాడు. ఆ కాంతి పొడవు 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనబడదు. దాని ముఖ్యగుణం నీటికి గల ఆకలి. నీరు తగిలితే చాలు, ఆ కాంతి అక్కడికక్కడే ఇంకిపోయి వేడిగా మారుతుంది. మానవకణాలలో అధికభాగం నీరే కాబట్టి, ఈ కాంతి పడిన కణం క్షణంలో మరిగి ఆవిరైపోతుంది. లోతుకు పోవడానికి కాంతి మిగలదు. చిన్న రక్తనాళాలు ఆ వేడికి మూసుకుపోవడం వలన రక్తస్రావం తక్కువ. 1972లో బోస్టనులో స్ట్రాంగ్, యాకో అనే వైద్యులు ఈ లేసరును స్వరపేటిక శస్త్రచికిత్సలలో వాడి చూపారు. అక్కడినుంచి అది ఇతర శస్త్రవైద్యుల చేతికి వచ్చింది.

1987లో ఒక అమెరికన్ చర్మశస్త్రవైద్య పత్రికలో, మందులకు లొంగని హేలీ–హేలీ వ్యాధిలో కార్బన్ డయాక్సైడు లేసరుతో చర్మపు పైపొరను తొలగించిన వృత్తాంతం వెలువడింది. 1990లో మిన్నెసోటాలోని మేయో క్లినిక్ వైద్యులు, హేలీ–హేలీ వ్యాధికీ దానికి దగ్గరి చుట్టమైన డారియర్ వ్యాధికీ అదే చికిత్స చేసి ఫలితాలు ప్రకటించారు. గరుకుచక్రం చేసే పనినే కాంతి చేసింది. కాని ఎంత లోతుకు పోవాలో వైద్యుని అదుపులో ఉంచింది.

చికిత్స జరిగే తీరు ఇది. ముందుగా సూక్ష్మజీవుల బెడద తగ్గేవరకు మందులు ఇస్తారు. తరువాత చోటును బట్టి స్థానికంగా గాని, పూర్తిగా గాని మత్తు ఇచ్చి, పచ్చిపుండు ఉన్న భాగం మీదా, దాని చుట్టూ కొంత మేర ఆరోగ్యంగా కనిపించే చర్మం మీదా కాంతిని వరుసలుగా నడుపుతారు. ఒకసారి నడపగానే పైపొర తెల్లబడి ఊడుతుంది. దానిని తడిగుడ్డతో తుడిచి, అవసరమైతే మళ్ళీ నడుపుతారు. అడుగుచర్మం పసుపు ఛాయకు తిరిగితే లోతు చాలినట్లు. అక్కడ ఆగకపోతే గట్టి మచ్చ మిగులుతుంది. లేచే పొగలో సూక్ష్మజీవుల అవశేషాలు ఉండే అవకాశం ఉన్నందున పొగను పీల్చే గొట్టమూ, ముఖానికి తగిన తొడుగూ తప్పనిసరి. ఆ తరువాత కొన్ని వారాలపాటు కట్లు, నొప్పి, ఓర్పు.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. లేసరు వంశలోపాన్ని సరిచేయదు. అటువంటప్పుడు కొత్తగా పెరిగే చర్మం మళ్ళీ ఎందుకు చీలదు? చర్మపు పైపొరను ఆవిరి చేసినా, రోమకూపాల లోపలా, స్వేదగ్రంథుల నాళాలలోనూ పైపొర కణాల నిల్వలు అడుగుచర్మంలో దిగి ఉంటాయి. గాయం మానేటప్పుడు కొత్త పైపొర ఆ లోతులనుంచి పైకి పాకివస్తుంది. వాటిలోనూ అదే లోపం ఉన్నా, ఆ కణాలు వ్యాధికి అంత తేలికగా లొంగవని చాలామంది పరిశోధకుల ఊహ. గాయం మానిన అడుగుచర్మంలో ఏర్పడే గట్టి పీచు పైపొరకు ఊతమిస్తుందని మరొక ఊహ. స్వేదగ్రంథులు కొన్ని నశించి చెమట తగ్గడమూ తోడ్పడవచ్చు. చర్మపు అతుకులు నేర్పిన పాఠాన్నే లేసరు కూడా మరొక దారిలో నిరూపించింది.

ఆ లోపం ఏమిటో వైద్యలోకానికి తెలిసినది లేసరు వాడుక మొదలైన పదమూడేళ్ళకు. 1990ల మధ్యలో పరిశోధకులు దాని చోటును మూడవ క్రోమోజోము పొడుగు భుజంలో గుర్తించారు. 2000లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందమూ, ఐరోపాలోని మరొక బృందమూ ఇంచుమించు ఒకేసారి ఏటీపీ2సీ1 అనే జన్యువును పట్టుకున్నాయి. ఆ జన్యువు చేయించేది ఒక పంపును. కణంలోపల మాంసకృత్తులను సవరించి పంపించే గాల్జీ సంచులలోకి ఆ పంపు కాల్షియమును తోడుతుంది. ప్రతి మనిషికీ ఆ జన్యువు ప్రతులు రెండు ఉంటాయి; ఒకటి చెడితే పంపులు సగమే మిగులుతాయి. తక్కిన అవయవాలు ఆ సగంతో సరిపెట్టుకుంటాయి. చర్మం, అందునా వేడికీ చెమటకూ ఒరుపుకూ గురయ్యే మడతలలోని చర్మం, సరిపెట్టుకోలేదు. కాల్షియము చాలక కణబంధాలు సరిగా తయారుకావు, గోడ శిథిలమవుతుంది.

ఆ జన్యువు పేరులోని మొదటి మూడు అక్షరాలు ఏటీపీ. పంపును నడిపే ఇంధనం అదే: అడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దానిని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డులో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొన్నారు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1925లో, ఫిస్కే, సుబ్బారావు కలిసి ఫాస్ఫరసును రంగు మార్పుతో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఏటీపీని విరిచి పనిచేసే పంపుల వేగాన్ని, విడుదలైన ఫాస్ఫేటును కొలిచి లెక్కగట్టడానికి ఆ పద్ధతి దశాబ్దాలపాటు జీవరసాయన ప్రయోగశాలలలో ఉపయోగపడింది. పుండు మీద సూక్ష్మజీవులను చంపే మందు దగ్గరా, పుండు పుట్టే మూలం దగ్గరా ఒకే తెలుగువాని శ్రమ కనబడడం ఈ చరిత్రలో తెలుగు పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం.

లేసరు ఎంత మేలు చేసినా దాని హద్దులను దాచడం రోగులకు మేలు కాదు. ఈ వ్యాధి అరుదైనది గనుక ప్రచురితమైన అనుభవాలు చాలావరకు ఒకరిద్దరు, లేదా కొద్దిమంది రోగులకు సంబంధించినవి. పెద్దసంఖ్యలో రోగులను రెండుగా విభజించి పోల్చిచూసే అధ్యయనాలకు అవకాశమే తక్కువ. చికిత్స పొందిన చోట అనేకులకు సంవత్సరాల తరబడి ఊరట దక్కింది. కొందరికి అంచులలో తిరిగి వచ్చింది. చికిత్స చేయని చోట్లు ఎప్పటిలాగే మిగిలాయి. ఇది వ్యాధికి ముగింపు కాదు, కొన్ని చదరపు అంగుళాల చర్మానికి విముక్తి. కాని ఆ కొన్ని అంగుళాలు నడకకూ, నిద్రకూ, దాంపత్యానికీ అడ్డుపడేవైనప్పుడు వాటి విలువ వేరు.

చామనచాయ, నల్లని మేను గలవారికి మరొక జాగ్రత్త అవసరం. కాల్చిన చోట రంగు ముదరడమో, పూర్తిగా వెలిసిపోవడమో వారిలో ఎక్కువ. హార్వర్డు చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో ఎండకు చర్మం స్పందించే తీరును బట్టి చేసిన వర్గీకరణ మొదట తెల్లవారి చర్మాలకే పరిమితమైంది. గోధుమ, నలుపు వర్ణాలకు ఐదవ, ఆరవ తరగతులు తరువాత చేరాయి. భారతదేశంనుంచి వచ్చిన రోగి చికిత్సకు ముందు అడగవలసిన మొదటి ప్రశ్న, తన రంగు చర్మం మీద ఆ వైద్యునికి ఎంత అనుభవం ఉన్నదన్నది. చిన్నచోట పరీక్షగా చేసి, మానిన తీరు చూచి ముందుకు సాగడం విజ్ఞుల పద్ధతి.

మరొక చిక్కు పేరువలన వచ్చింది. 1990లలో ఇదే కార్బన్ డయాక్సైడు లేసరు ముఖం మీది ముడతలు పోగొట్టే సాధనంగా ప్రసిద్ధి కెక్కింది. నాటినుంచి లేసరు అనగానే సొగసు కోసమన్న భావన జనంలో నాటుకుంది. పచ్చిపుండుతో నడవలేని మనిషికీ, ముడతలు చెరుపుకొనే మనిషికీ ఒకే పరికరం వాడినంత మాత్రాన రెండూ ఒకటి కావు. హేలీ సోదరులు ఊరట కోసం పెట్టిన ‘ప్రాణాపాయం లేని’ అన్న విశేషణమూ, ‘లేసరు’ అన్న మాటా కలిసి ఈ రోగుల అవసరాన్ని తేలికచేసే ప్రమాదం ఉంది. చికిత్సను సమర్థిస్తూ ఉత్తరం వ్రాసే వైద్యుడు రోగి బాధను ఉన్నదున్నట్లుగా, నొప్పినీ దుర్వాసననూ పోయిన పనిదినాలనూ కూడా, వర్ణించవలసిన అవసరం అందుకే.

ఇతర దారులూ తెరుచుకుంటున్నాయి. చెమటను తగ్గించే బొటులినం ఇంజెక్షన్లు కొందరికి మేలుచేశాయి. తక్కువ మోతాదు నాల్ట్రెక్సోన్‌తో పుండ్లు మానిన రోగుల వృత్తాంతాలు 2017లో వెలువడ్డాయి. మరొక వంశపారంపర్య పొక్కుల వ్యాధి అయిన డిస్ట్రోఫిక్ ఎపిడెర్మోలిసిస్ బులోసాకు, లోపించిన జన్యువును పుండు మీదనే పూతగా అందించే మందును 2023 మే నెలలో అమెరికా ప్రభుత్వం అనుమతించింది. లోపాన్ని కాల్చి తొలగించే దశనుంచి లోపాన్ని పూరించే దశకు చర్మవైద్యం అడుగు వేస్తున్నది. హేలీ–హేలీ వ్యాధికి ఆ రోజు ఎప్పుడు వస్తుందో గాని, దారి ఎటువైపు ఉన్నదో తెలిసింది.

అంతవరకు చేయగలిగినది ఒకటి మిగిలి ఉంది. అట్లాంటాలో అన్నదమ్ములు చేసినది పెద్ద ప్రయోగమేమీ కాదు. పుండును చూచి ఊరుకోక, ‘మీ ఇంట్లో మరెవరికైనా ఉన్నదా?’ అని అడిగి, చెప్పినది వ్రాసుకున్నారు. సిగ్గుతో దాచిన జబ్బును కుటుంబం నోరు తెరిచి చెప్పినప్పుడే దానికి పేరు వచ్చింది. పేరు వచ్చిన తరువాతే జన్యువు దొరికింది. గజ్జలలో మానని పుండుతో తిరుగుతున్న వ్యక్తిని ఆ ప్రశ్న అడిగే వైద్యుడూ, దానికి దాపరికం లేకుండా బదులు చెప్పే తండ్రీ ఉంటే, తరువాతి తరం తామర మందులతో పదేళ్ళు పోగొట్టుకోనవసరం లేదు.